ఆజ్ఞకు మనస్సు లొంగుట యేల?

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మనస్తత్వశాస్త్రమునుండి యేదేని యొక విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యనిర్వాహకవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. పెద్దల యాజ్ఞ గావున కారణమడుగక శిరసావహించితిని. అట్లు శిరసావహించుటయే నేటి నా ప్రసంగవిషయము.

విధేయత లేనిచో ఇల్లు నిలువదు, బడి సాగదు, సంఘము నడువదు. పెద్దల మాట వినువారిని మంచివారని మనము మెచ్చుకొనుట న్యాయమే. కాని మంచివాడు సైతము, తన యంతరాత్మకు తప్పని తోచిన పనిని ఒకరు చెప్పినంతమాత్రమున చేయుట లోకమున గలదు. ఇది యెట్లు సంభవించును?

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1945–46లో నురెంబర్గు న్యాయస్థానమునందు జర్మను నాయకులలో కొందరు, తాము పైవారి యాజ్ఞను నెరవేర్చితిమని చెప్పుకొనిరి. 1961లో జెరూసలేములో విచారింపబడిన ఐక్‌మన్ పలికినదియు అదియే. ఆ సంవత్సరముననే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునందు స్టాన్లీ మిల్‌గ్రామ్ అను యువకాచార్యుడు ఈ ప్రశ్నను పరీక్షకు బెట్టెను.

జ్ఞాపకశక్తిని గూర్చిన పరిశోధన యని ప్రకటించి, ఆయన 20 మొదలు 50 ఏండ్ల వయస్సుగల పురుషులను రప్పించెను. వచ్చినవారికి 4 డాలరులును, దారిఖర్చునకు 50 సెంట్లును ముట్టెను. నడుమ మానివేసినను ఆ సొమ్ము వారిదే. వారి యెదుట 15 మొదలు 450 వోల్టుల వఱకు గుర్తులుగల 30 మీటల యంత్రముండెను. ప్రక్కగదిలో కుర్చీకి కట్టబడియున్న మనుష్యుడు తప్పు చెప్పినప్పుడెల్ల ఒక్కొక్క మీట పైకి పోవుచు అతనికి విద్యుద్ఘాతము నీయవలెను. నిజమునకు ఘాతము లేదు. ఆ మనుష్యుడు పరిశోధకుని పక్షమువాడు. ఇది మీటయొద్ద కూర్చున్నవా డెఱుగడు.

300 వోల్టులకడ లోపలివాడు గోడను బాదెను. 315 పిదప చప్పుడే లేదు. మీటయొద్ద నున్నవారికి చెమటలు గ్రమ్మెను, వణకిరి, పెదవులు కొఱికికొనిరి. బూడిదరంగు అంగీ తొడిగిన పరిశోధకుడు కొనసాగింపుడని శాంతముగా చెప్పుచుండెను. తుదిమీటదాక పోవువాడు వేయింట నొక్కడుండునని మానసికవైద్యులు ముందుగా నూహించియుండిరి. 1963లో ప్రకటితమైన ఫలితమో, 40 మందిలో 26 మంది తుదిమీటదాక పోయిరి. వారు క్రూరులు కారు, మనవంటి గృహస్థులు.

మిల్‌గ్రామ్ చెప్పిన ముఖ్యకారణ మిది: ఆజ్ఞకు లోబడినవాడు తన్నుదాను కర్తగా నెంచుకొనక కరణమాత్రునిగా నెంచుకొనును. వ్రాసిన వ్రాతకు కలము బాధ్యత వహింపనట్లు, తాను చేసిన పనికి ఆజ్ఞాపించినవాడే బాధ్యుడని తలచును. పరీక్షకు వచ్చినవారిలో నొకడు బాధ్యత యెవరిదని యడుగగా, తనదని పరిశోధకుడు చెప్పినంతనే మరల మీట నొక్కెను.

రెండవది, మెట్టుమెట్టుగా దిగుట. 15 నొక్కినవానికి 30 గొప్ప గాదు. 285 నొక్కినవాడు 300 కడ ఆగినచో, అంతవఱకు చేసినది తప్పని యొప్పుకొనవలసివచ్చును. ఆ సిగ్గునకు వెఱచి మఱియొక మెట్టు దిగును.

మూడవది, దూరము. బాధితుని అదే గదిలో కూర్చుండబెట్టినప్పుడు నూటికి 40 మందియు, అతని చేతిని తామే పట్టి నొక్కవలసివచ్చినప్పుడు 30 మందియు మాత్రమే తుదిదాక పోయిరి. ఆజ్ఞాపించువాడు గది వదలి టెలిఫోనులో చెప్పినప్పుడు ఆ సంఖ్య ఇంచుమించు 21కి దిగెను.

ఈ పరీక్షలపై ఆక్షేపణలును గలవు. ఘాతము నిజమని కొందరు నమ్మలేదని 2012లో జీనా పెరీ తన గ్రంథమున చూపెను. హస్లామ్, రైచర్ అను పండితులు, జనులు గ్రుడ్డిగా లొంగలేదనియు, శాస్త్రమునకు మేలు చేయుచున్నామను నమ్మకముతో సహకరించిరనియు వాదించిరి. జెర్రీ బర్గర్ నడపి 2009లో ప్రకటించిన పరీక్షయందు, మీకు వేఱు మార్గము లేదన్న కఠినోక్తి విన్నవారిలో ఒక్కరును ముందుకు సాగలేదు. కావున గద్దింపుకంటె సత్కార్యమను పేరే మనస్సును ఎక్కువగా లొంగదీయునని తోచుచున్నది. ఇది మనవంటి సేవాసంఘములవారు మఱవరాని మాట.

ఇక నివారణోపాయము. 1966లో అమెరికాలోని ఆసుపత్రులయందు 22 మంది నర్సులకు, ఎఱుగని వైద్యుడొకడు టెలిఫోనులో, 10 మిల్లీగ్రాములు మించరాదని సీసాపై నున్న మందును 20 మిల్లీగ్రాములు ఇమ్మనెను. 21 మంది ఇచ్చుటకు సిద్ధపడిరి. అడ్డగింపబడుటచే కీడు కలుగలేదు. 1977లో ప్రకటితమైన వేఱొక పరీక్షలో, నర్సులెఱిగిన మందునే చెప్పి, తోటివారితో సంప్రదించుటకు వీలు కల్పింపగా, 18 మందిలో ఇద్దఱే సిద్ధపడిరి. మిల్‌గ్రామ్ పరీక్షయందును, తోడుగా కూర్చున్న యిద్దఱు మేము చేయమని లేచినప్పుడు, 40 మందిలో నలుగురే తుదిదాక పోయిరి. ఆ యిద్దఱు బలవంతులు గారు, అధికారులు గారు. కాదనవచ్చునని చూపిరి, అంతియే.

కౌరవసభలో భీష్మద్రోణాదులు మిన్నకుండగా వికర్ణుడు ధర్మము పలికెను. బాలుడవని కర్ణుడతనిని నిరసించెను. విదురుడు తప్ప పెద్దలలో నితరులు గొంతు కలిపి గట్టిగా నిలిచియుండినచో ఆ సభ వేఱుగా ముగిసియుండెడిదేమో! మాట తప్పయినచో ఖండింపవచ్చును. చిన్నవాడను కారణమున త్రోసివేయుట సభకు హాని.

మహాజనులారా! సంఘమనగా అధికారమే. పెద్దలు నలుగురు కూడి ఒక కుటుంబమును శుభకార్యములకు పిలువరాదనినచో, ఇరుగుపొరుగువారు మనస్సున బాధపడుచునే తలుపు మూసికొందురు. ఆ కుటుంబమునకు గలిగిన దుఃఖమునకు బాధ్యులెవరని యడిగినచో పెద్దలు సంఘమును చూపుదురు. సంఘమువారు పెద్దలను చూపుదురు. కర్త కనబడడు, కరణములే కనబడును.

కావున మూడు మాటలు మనవి చేయుచున్నాను. ఒకటి, ఎవరిపైనైన నిర్ణయము చేయునప్పుడు, ఎవరు ప్రతిపాదించిరో, ఎవరు బలపఱచిరో పేర్లతో పుస్తకమున వ్రాయుడు. బాధ్యత ఆవిరి గాకుండును. రెండు, వారి పరోక్షమున తీర్పు చెప్పక, వారిని ఎదుట కూర్చుండబెట్టి వారి ముఖము చూచి మాటలాడుడు. మూడు, చప్పట్లు విని ఏకగ్రీవమని వ్రాయకుడు. భిన్నాభిప్రాయము గలవారెవరని అధ్యక్షులు మొదట నడిగి, యువకులకును స్త్రీలకును చాలినంత వ్యవధి నిచ్చి, పిదప వోటు తీసికొనుడు. లేచి కాదన్నవాని మాట ఓడిపోయినను, అతని గౌరవము ఓడిపోకుండ చూడుడు. రేపు సంఘము తప్పుదారి పట్టినప్పుడు, పదుగురి మనస్సులను విడిపింపగల మాట అతనినుండియే రావచ్చును.

పెద్దలయెడ భక్తియు, ధర్మముయెడ భయమును మన బిడ్డలకు కలసి యలవడుగాక యని కోరుచున్నాను.