దవాఖాన దానం కాదు, హక్కు
(గచ్చిబౌలి బస్తీ సభలో చేసిన ప్రసంగం)



1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచిననాడు పేపర్ల నిండా పెద్దల ఫొటోలే. తట్ట మోసిన పాలమూరు కూలీని ఎవరు తలచుకున్నారు? ఇయ్యాల ఆ అద్దాల మేడలు ఊడ్చేది మనమే. గేటు కాడ రాత్రంతా నిలబడేది మనమే. పక్కనే కార్పొరేటు ఆసుపత్రులున్నా, మనకు జ్వరమొస్తే ఒకనాటి కూలి పోతది, ఇంకోనాటి కూలి మందులకు పోతది.

ఆరోగ్యశ్రీ ఉన్నది కదా అంటారు. అదెట్లా వచ్చింది? 2004లో మంద కృష్ణ మాదిగ నాయకత్వాన మాదిగ దండోరా గుండెజబ్బు పిల్లలను, వాళ్ళ తల్లిదండ్రులను కూడగట్టి పోరాడింది. గుండెకు కులం లేదని, ఏ కులం బిడ్డయినా బతకాలని అడిగింది. ప్రభుత్వం దిగివచ్చి పిల్లల ఆపరేషన్లకు డబ్బులిచ్చింది. ఆ తర్వాతే 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేరు ముఖ్యమంత్రికి పోయింది. తొవ్వ వేసింది మాత్రం వాడ.

కానీ పోరాటం సగంలోనే ఉంది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినోళ్ళకు. రోజూ మింగే బీపీ, షుగర్ గోలీలకు అది అక్కరకు రాదు. 2025 సెప్టెంబరులో బకాయిలు ఇయ్యలేదని తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలే ఆపినయ్. లెక్కలు వాళ్ళవి, పానాలు మనవి. అందుకే సర్కారు దవాఖానను బాగు చేయించుకోవాలె. 2018 నుంచి బస్తీ దవాఖానలు వచ్చాయి. డాక్టరు వేళకు వస్తున్నాడా, మందులున్నాయా అని చూసుకునే పని మనదే.

ఇంకొకటి, ఈఎస్ఐ. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడే కార్మికుల ఆరోగ్య బీమాకు పునాది పడింది. 1948లో చట్టమైంది. 2019 జులై నుంచి మన జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టాలె. ఈఎస్ఐ ఉంటే ఇంటిల్లిపాదికీ వైద్యం. జబ్బుపడి పనికి పోలేకపోతే జీతంలో 70 శాతం దాకా వస్తది. మరి మీ కంట్రాక్టరు కడుతున్నాడా? జీతం చీటీ అడగండి, కార్డు అడగండి. ఇళ్ళల్లో పాచిపని చేసే మన అక్కలకు ఆ కార్డే లేదు. వాళ్ళ కోసం కొత్తగా కొట్లాడాలె.

ఒక్కరు పోతే బతిమాలుడు, వందమంది పోతే అడుగుడు. వచ్చే ఆదివారం బస్తీకి ఇద్దరు చొప్పున కూర్చుందాం. కార్డు లేనోళ్ళ పేర్లు రాద్దాం. దవాఖానలో దొరకని మందుల పేర్లు రాద్దాం. ఆ కాగితం పట్టుకొని అందరం కలిసి ఆఫీసుకు పోదాం.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సర్కారు అమ్మ కూడా కాదు!

జై భీమ్!