బేస్‌మెంట్ గొట్టాలకు దుప్పటి

పక్క హాల్లో అష్టావధానం జరుగుతుండగా గొట్టాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, పోయిన చలికాలం గ్యాస్ బిల్లు మిమ్మల్ని బాగానే కదిలించి ఉండాలి. నేను న్యూజెర్సీలో ముప్ఫై ఏళ్ళకు పైగా మెకానికల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మనవాళ్ళ బేస్‌మెంట్లు చూసిపెట్టడం నా కాలక్షేపం. ఫిల్టర్ కాఫీ ఇస్తే చాలు, వస్తాను.

మనలో ఎక్కువమంది కొనే కొత్త ఇళ్ళలో ఫర్నేస్ వేడిగాలిని డక్టుల ద్వారా పంపుతుంది. వాళ్ళకు నా మాటలతో పెద్దగా పనిలేదు, అవధానానికి వెళ్ళినా ఏమీ అనుకోను. నేను మాట్లాడేది జెర్సీ సిటీ, బోస్టన్, చికాగో లాంటి చోట్ల 1920ల నాటి ఇళ్ళు కొన్నవాళ్ళతో. అక్కడ బేస్‌మెంట్లో బాయిలరు, గదుల్లో ఇనప రేడియేటర్లు. కొన్ని ఇళ్ళలో వేడినీళ్ళు తిరుగుతాయి, కొన్నింటిలో ఆవిరి.

వేడినీళ్ళ గొట్టానికి తొడుగు లేకపోతే దారిలో కొంత వేడి పోతుంది, అంతే. ఆవిరి సంగతి వేరు. ఇడ్లీ పాత్ర మూత తీసి చూడండి, లోపలివైపంతా నీటిబొట్లే. చల్లటి లోహం తగలగానే ఆవిరి నీరైపోతుంది. బేస్‌మెంట్లో నలభై అడుగుల బోడి గొట్టం ఉంటే అదంతా పొడుగాటి ఇడ్లీ మూతే. పై అంతస్తుకు చేరాల్సిన ఆవిరి దారిలోనే నీరవుతుంది. ఆ నీరు వెనక్కి జారే వాలు సరిగా లేకపోతే, వెనక వచ్చే ఆవిరి దాన్ని తోసుకెళ్ళి గొట్టం మలుపుల్లో కొడుతుంది. అర్ధరాత్రి ఎవరో సుత్తితో బాదుతున్నట్టు వినిపించేది అదే. అంగుళం మందం ఫైబర్‌గ్లాస్ తొడుగు వేస్తే, గొట్టం పోగొట్టుకునే వేడిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆగిపోతుంది. తొడుగు ఉంటుందన్న లెక్కతోనే పాతకాలపు ఇంజనీర్లు ఆ వ్యవస్థను కట్టారు. అంచేత అది అలంకారం కాదు, యంత్రంలో భాగం.

అయితే వాళ్ళు చుట్టింది దేన్ని? చాలాచోట్ల రాతినారను, అంటే ఆస్‌బెస్టాస్‌ను. మనకు కొత్తదేమీ కాదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దాన్ని తవ్వారు, మన ఊళ్ళ సిమెంటు రేకుల్లోనూ ఉన్నది అదే. కాలదు, చవక, వేడిని ఆపడంలో దిట్ట. దాని దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళ తర్వాత జబ్బుగా బయటపడుతుంది. మా న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో క్లినిక్ నడిపిన డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్, ఆయన సహచరులు 1964లో ఒక అధ్యయనం ప్రచురించారు. న్యూయార్క్, న్యూవార్క్ ప్రాంతంలో ఇన్సులేషన్ పని చేసే 632 మంది కార్మికుల జీవితాలను వెనక్కి వెళ్ళి పరిశీలిస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మామూలు అంచనాకు ఆరేడు రెట్లు తేలాయి. ఇళ్ళు వెచ్చగా ఉంచిన చేతులవి. 1975లో ఈపీఏ గొట్టాల తొడుగుల్లో దాని వాడకాన్ని చాలావరకు ఆపించింది. కానీ అంతకుముందు చుట్టినది ఇళ్ళలో అలాగే ఉండిపోయింది.

రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. పాత ఇల్లు కొన్నారు, భార్యకు ఏడో నెల. "అంకుల్, గొట్టాల మీద తెల్లగా, అట్టలాంటి చుట్టు ఊడిపోతోంది. శనివారం నేనే గీకేసి కొత్త ఫోమ్ వేసేద్దామనుకుంటున్నా" అన్నాడు. "అబ్బాయ్, ఆ గీకుడు కత్తి కింద పెట్టి, బేస్‌మెంట్ తలుపు మూసి పైకి రా" అన్నాను. పరీక్ష చేయిస్తే రాతినారే. చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని కదిలించకుండా వదిలేయడమే మేలని ఈపీఏ కూడా చెబుతుంది. వీళ్ళది ఊడిపోతోంది కనుక లైసెన్సు ఉన్నవాళ్ళతో తీయించారు. పరీక్షించేవాళ్ళు, తీసేవాళ్ళు వేర్వేరు కంపెనీలవాళ్ళై ఉండాలని నేను పట్టుబట్టాను. ఉందని చెప్పేవాడికే తీసే కాంట్రాక్టు ఇవ్వకూడదు కదా.

కథ అక్కడితో అయిపోలేదు. తీసినవాళ్ళు గొట్టాలను బోడిగా వదిలి వెళ్ళారు. జనవరిలో బేస్‌మెంట్ మాగాయ ఎండబెట్టుకునేంత వేడి, పైన పసిపిల్ల గదిలో రేడియేటరు చల్లగా. బాయిలరు మార్చాలని ఒకాయన పెద్ద అంచనా రాసిచ్చాడట. నేను వెళ్ళి టేపుతో గొట్టాలు కొలిచాను. ఇద్దరం కలిసి రెండు వారాంతాల్లో ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేశాం. పాత బాయిలరుతోనే పై గది వెచ్చబడింది.

కుర్రాడు అనుకున్న నల్ల ఫోమ్ గొట్టం గురించి చెప్పాలి. అది చవక, కత్తెరతో తెగుతుంది, వేడినీళ్ళ గొట్టాలకు సరిపోతుంది, దాని మీద రాసిన ఉష్ణోగ్రత చూసుకుని కొనండి. ఆవిరి 212 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, ఇంకొంచెం పైకి కూడా పోతుంది. మామూలు ఫోమ్ అక్కడ మెత్తబడి కరుగుతుంది. ఆవిరికి ఫైబర్‌గ్లాసే. గొట్టం బయటి కొలత తీసుకుని వెళ్ళండి. ఇనప గొట్టం, రాగి గొట్టం ఒకే సైజు పేరుతో ఉన్నా బయటి కొలతలు వేరు. మలుపులను వదిలేయకండి, వేడి అక్కడా పోతుంది. గ్యాస్ వాటర్ హీటరు ఉంటే దాని పొగగొట్టానికి ఆరంగుళాల దూరం పాటించండి. ఇంకొకటి. గొట్టాలు చుట్టాక బేస్‌మెంట్ ఇదివరకటి కంటే చల్లబడుతుంది. బయటి గోడ పక్కన చన్నీళ్ళ గొట్టం ఉంటే గోడ సందులు మూసి, దానికీ తొడుగు వేయండి.

ఫోన్లో మీ బేస్‌మెంట్ ఫొటోలు ఉన్నవాళ్ళు ముందుకు రండి, ఒక్కొక్కటే చూద్దాం. తెల్లచుట్టు ఉన్న ఇళ్ళవి ముందు.