ఉద్యోగం మానేసే ముందు

(ప్రైవేటు స్కూళ్ళ మహిళా టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను లాయర్ని కాను, నాయకురాలిని కాను. ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళు లెక్కలు చెప్పి, 2018లో మానేసి బయటికొచ్చినదాన్ని. ఆ పదకొండేళ్ళలో తొమ్మిదేళ్ళు తప్పంతా నాదే అనుకున్నాను. అందుకే ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

మన స్కూళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఎనిమిది పీరియడ్లలో ఏడు మావే. క్లాసులో కుర్చీ ఉండదు. మధ్యలో బాత్రూముకి వెళ్ళాలంటే పక్క క్లాసు టీచర్ని బతిమాలుకోవాలి. అంచేత మేమంతా నీళ్ళు తాగటం తగ్గించేశాం. మాలో ముగ్గురికి మూత్రంలో మంట వస్తే డాక్టరు, "నీళ్ళు బాగా తాగండమ్మా" అన్నాడు. తాగితే ఎక్కడికి వెళ్ళాలో ఆయనకేం తెలుసు?

ఏప్రిల్ వస్తే అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరగాలి. తలకి పదిమంది పిల్లల్ని చేర్పించకపోతే మే నెల జీతం రాదు. జీతాల రిజిస్టరులో 14,000 అని ఉండేది. చేతికి 9,000 ఇచ్చేవారు. సంతకం మాత్రం పద్నాలుగు వేలకే. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇవన్నీ పైకి కనిపించే కష్టాలు. లోపల జరిగేది ఇంకొకటుంది. ఒక ఏడాది నా టెన్త్ క్లాసులో ఇద్దరు పిల్లలు లెక్కల్లో తప్పారు. స్టాఫ్ మీటింగులో కరస్పాండెంటు నన్ను అందరి ముందూ నిలబెట్టి, "అసలు మీకు లెక్కలు వచ్చా?" అని అడిగాడు. ఎవరూ తలెత్తలేదు. ఆ రాత్రి నేనేం చేశానో తెలుసా? అటక మీంచి నా బీయస్సీ పుస్తకాలు దించి, లెక్కలు చేసి చూసుకున్నాను. నిజంగానే నాకు రావేమోనని!

ఆ తర్వాత ఎమ్మే ఇంగ్లీషు చదివిన అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. రెండు నెలలు తిరక్కుండానే నా పక్కన కూర్చుని, "నాకు ఇంగ్లీషు రాదేమో మేడమ్" అంది. అప్పుడు నాకు చప్పున తట్టింది. లెక్కల టీచర్ని కదా, లెక్క వేశాను. ఇరవై రెండు మంది ఉండే మా స్టాఫులోంచి మూడేళ్ళలో ముప్ఫై ఒక్కమంది మానేసి వెళ్ళారు. ముప్ఫై ఒక్కమందికీ పాఠం చెప్పటం రాదా?

ఇలాంటి వాటిని ఇప్పుడు 'టాక్సిక్' అంటున్నారు. పేరు ఏదైనా, గుర్తుపట్టటం ఎలా? పని ఎక్కువగా ఉండటం వేరు. పరీక్షల రోజుల్లో ఒళ్ళు హూనమవుతుంది, కానీ రాత్రి నిద్రపడుతుంది. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో తిప్పటం మొదలైతే ఆలోచించాలి. రూలు కాగితం మీద ఉందా, రోజుకొకటి నోటితో పుడుతోందా? ప్రిన్సిపాల్ గదికి ఎవరు వెళ్ళొచ్చినా స్టాఫ్ రూంలో మాటలు ఆగిపోతున్నాయా? మానేసి వెళ్ళిన ప్రతి మనిషినీ పనికిరానిదే అంటున్నారా? అక్కడ జరిగేది ఇంట్లో చెప్పుకోవటానికి మీకు సిగ్గుగా ఉందా? వీటికి అవుననే జవాబు వస్తుంటే, లోపం వెతకాల్సింది మీలో కాదు.

మనకి అది ఎందుకు ఆలస్యంగా తెలుస్తుందంటే, సర్దుకుపోవటం పుట్టింటి నుంచీ నేర్పారు కనుక. టీచరు ఉద్యోగం ఆడవాళ్ళకి మంచిదంటారు. జీతం తక్కువైతే "చీరల ఖర్చుకి వస్తుందిలే" అంటారు. ఆ జీతంతోనే అద్దె కట్టి పిల్లల్ని చదివించుకునే ఒంటరి ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు! మానలేకపోతున్నవాళ్ళని పిరికివాళ్ళనకండి. వాళ్ళు మానకపోవటానికి కారణం నెల మొదటి తారీఖు.

హక్కుల సంగతి కాస్త తెలుసుకుందాం. 1994లో వచ్చిన జీవో నంబరు 1, స్కూలు వసూలు చేసే ఫీజులో సగం సిబ్బంది జీతాలకనీ, ఇంకో 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, గ్రూపు ఇన్సూరెన్సులకనీ చెప్పింది. ఎన్ని స్కూళ్ళు అలా ఇచ్చాయో మీరే చెప్పండి. లైంగిక వేధింపు ఉంటే 2013 చట్టం ఉంది. పదిమంది పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి. పదిమంది లేకపోయినా, వేధించినవాడు యజమానే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. మూడు నెలల్లోగా రాసి ఇవ్వాలి. ఈ చట్టానికి పునాది వేసిన 1997 నాటి విశాఖ తీర్పు, రాజస్థాన్‌లో భంవరీ దేవి అనే గ్రామీణ కార్యకర్తకి జరిగిన అన్యాయం నుంచి వచ్చింది. కానీ అందరి ముందూ అరవటానికీ, అవమానించటానికీ విడిగా ఒక చట్టం లేదు. అందుకే రాసిపెట్టుకోవటం మన పని.

నేను మానేయటానికి ఆరు నెలలు సిద్ధమయ్యాను. ఏ రోజు ఎవరేమన్నారో తారీఖు వేసి నోటుబుక్కులో రాశాను. అపాయింట్‌మెంట్ కాగితం, జీతాల రిజిస్టరు పేజీ ఫొటోలు తీసుకున్నాను. మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాను. సాయంత్రాలు టాలీ నేర్చుకున్నాను. రాజీనామా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. బాండు రాసినవాళ్ళు దాన్ని తెలిసినవాళ్ళకి చూపించండి. మానేశాక ఇంకో స్కూల్లో చేరకూడదనే షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మధ్యలో మానేస్తే కొంత డబ్బు కట్టాలనే షరతు మాత్రం కొన్నిసార్లు చెల్లుతుంది.

సర్టిఫికెట్ల కోసం ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు కూర్చోమని కూడా అనలేదు. అంతకుముందు మానేసిన ముగ్గుర్ని కలుపుకుని వెళ్తే నాలుగు కుర్చీలు వేశారు. సర్టిఫికెట్లు ఆ పూటే ఇచ్చారు.

గ్రాట్యుటీ అడిగితే టీచర్లకి అది వర్తించదన్నారు. 2004లో సుప్రీం కోర్టు అలా అన్నమాట నిజమే. కానీ 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకి వర్తింపజేసింది. యాజమాన్యాలు దాని మీద కోర్టుకెక్కాయి. 2022 ఆగస్టులో సుప్రీం కోర్టు ఆ సవరణ సరైనదేనంది. నాకు డబ్బు 2023లో వచ్చింది. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పదకొండేళ్ళకి 88,846 రూపాయలు. ఏ అంకె మీద అనుకున్నారు? మాతో సంతకం పెట్టించుకున్న 14,000 మీద! వాళ్ళ రిజిస్టరే నాకు సాక్ష్యం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి గ్రాట్యుటీ సామాజిక భద్రతా కోడ్ కిందికి వచ్చింది. పర్మనెంటు ఉద్యోగులకి అయిదేళ్ళ సర్వీసు లెక్క అలాగే ఉంది. నాలుగున్నరేళ్ళకి విసుగొచ్చి మానేసేవాళ్ళు ఒక్కసారి క్యాలెండరు చూసుకోండి.

ఇప్పుడు నేను రెండు దుకాణాలకి లెక్కలు రాస్తున్నాను, సాయంత్రం ట్యూషన్లు చెప్తున్నాను. మొదటి ఏడాది రాబడి తగ్గింది, అబద్ధం చెప్పను. బంధువులు "టీచరమ్మవి, కొట్లో కూర్చున్నావా" అన్నారు. 2020లో స్కూళ్ళు మూతపడి, ఎందరో టీచర్లు కూరగాయలు అమ్ముకున్నాక ఆ మాట ఎవరూ అనలేదు. ఆ కొట్లో నాకు కుర్చీ ఉంది. దాహం వేస్తే నీళ్ళు తాగుతున్నాను.

మానేయాలా, ఉండి పోరాడాలా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. రెండింటిలో ఏది చేసినా ఒంటరిగా చెయ్యకండి. నేను వచ్చేశాక ఆ స్కూల్లో నా క్లాసు ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఆమె ఫోను నంబరు సంపాదించి మాట్లాడాను. నా నోటుబుక్కు ఆమెకి ఇచ్చాను. ఇవాళ ఆమె ఈ హాల్లో మూడో వరసలో కూర్చుని ఉంది.

సెలవు.