ఊదా రంగు ఎవరిది?

(స్త్రీల శ్రమ, హక్కులపై జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చేతివృత్తుల్లో స్త్రీల స్థితి గురించి మాట్లాడమన్నారు. అన్ని వృత్తులనీ చుట్టబెట్టే శక్తి నాకు లేదు. ఒక్క రంగు గురించి చెబుతాను. శ్రీకాళహస్తిలో ఒకామె పట్టు స్కార్ఫుల మీద వేసిన ముదురు ఊదా రంగు అది.

కలంకారీలో కలంతో బొమ్మ గీయడం ఎక్కువగా మగవాళ్ల పని, రంగు నింపడం ఎక్కువగా ఆడవాళ్ల పని అని అక్కడ తిరిగినవాళ్లకి తెలుసు. గీసేవాడు కళాకారుడు, నింపేది కూలి మనిషి. డబ్బులు పీసు లెక్కన. 1976 నాటి సమాన వేతన చట్టం గానీ, దాన్ని తనలో కలుపుకున్న 2019 వేతనాల కోడ్ గానీ ఒకే పనికి, లేదా అటువంటి పనికే సమాన వేతనం అంటాయి. ఇవి రెండు వేరు వేరు పనులని ముందుగానే విడదీసి పెట్టుకుంటే చట్టం చేయగలిగేది ఏముంది?

అసలు 'నింపడం' అనే మాటే పనిని తక్కువ చేస్తుంది. ఈ రంగులు డబ్బాలోంచి తీసి పూసేవి కావు. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెట్టాలి. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే వచ్చే కసిమి నలుపునిస్తుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. అప్పటికి అక్కడ ఎరుపు కనిపించదు, మంజిష్ఠ వంటి ఎర్ర రంగు నీళ్లలో ఉడికించాకే తేలుతుంది. కంటికి కనిపించని రంగుని మనసులో పెట్టుకుని పూయాలన్నమాట.

ఈమె ఏం చేసిందంటే, పటిక నీళ్లలో కొద్దిగా కసిమి కలిపింది. ఉడికించాక ఎరుపు రావలసిన చోట ముదురు ఊదా వచ్చింది. కోరమాండల్ తీరపు పాత అద్దకాల్లో ఇలాంటి ఊదాలు ఉన్నాయని నేను చదివాను. ఆమె చదవలేదు. తనంతట తాను కనుక్కుంది. నూలు మీద కుదిరిన కొలతనే పట్టు మీద వేసింది.

"పట్టు నూలు మాదిరి కాదక్కా. కోపమొస్తే మళ్లీ మాట్లాడదు," అంది నాతో.

ఇనుము ఎక్కువైతే పట్టు పోగు పెళుసెక్కుతుంది. గట్టిగా మరిగిస్తే మెరుపు పోతుంది. మొదట వేసిన పన్నెండు స్కార్ఫుల్లో అయిదు నెల తిరక్కుండానే మడతల దగ్గర చిట్లాయి. యజమాని ఆ అయిదింటి పట్టు ధర ఆమె కూలిలోంచి నాలుగు నెలలు విరగ్గోసుకున్నాడు. ఆమె మళ్లీ చేసింది, ఈసారి తను కొనుక్కున్న ముక్కల మీద, రాత్రిపూట వంట అయ్యాక. కసిమి తగ్గించింది, మంట తగ్గించింది. రంగు నిలిచింది. స్కార్ఫులు నగరంలో ప్రదర్శనకి వెళ్లి అమ్ముడుపోయాయి. చీటీ మీద యజమాని పేరుంది. పీసు రేటు మారలేదు.

నేను అతన్ని అడిగాను. "ఇది మా సంప్రదాయంలో ఉన్నదే కదండీ, ఆమె కొత్తగా చేసిందేముంది?" అన్నాడు. అదే రంగుని ప్రదర్శనలో 'మా కొత్త ప్రయోగం' అన్నాడు. చిట్లిన అయిదు గుడ్డలు మాత్రం సంప్రదాయం ఖాతాలోకి పోలేదు, ఆమె ఖాతాలోకే పోయాయి.

1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు క్వినైన్ తయారుచేయబోయి పొరపాటున ఊదా రంగు కనుక్కున్నాడు. పట్టు ముక్కకి అద్ది చూసుకున్నాడు. ఆ ఏడాదే పేటెంట్ తెచ్చుకున్నాడు. మన భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003లో అమలైంది. శ్రీకాళహస్తి కలంకారీకి ఆ గుర్తింపు ఉంది. నకళ్ల నుంచి ఊరి పేరుని కాపాడటానికి అది అవసరమే. కానీ అది ఊరిని గుర్తిస్తుంది, ఊళ్లో ఎవరి చెయ్యి ఏం చేసిందో దానికి పట్టదు.

యజమానిని తిట్టి ఊరుకోవడం తేలిక. మన సంస్థల సంగతి? డిజైన్ వర్క్‌షాపులు పెడతాం, ఆడవాళ్ల చేత కొలతలు చెప్పించుకుంటాం, పుస్తకం వేస్తాం. ప్రయోగానికి పట్టిన రోజులకి కూలి కట్టామా? పాడైన గుడ్డ ఎవరి లెక్కలో వేశాం? నేనూ ఇందులోంచి తప్పించుకోలేను. ఊదాకి కసిమి ఎంత, పటిక ఎంత అని రాసుకోబోతుంటే ఆమె నా పెన్ను వంక చూసి, "ఇది పుస్తకంలో ఎవరి పేరు మీద వస్తాదక్కా?" అని అడిగింది.

నా పేరు మీదే వస్తుంది. ఆ మాటే చెప్పాను.

ఈ మధ్య ఆమె, ఇంకో నలుగురు కలిసి యజమానిని రెండు అడిగారు. కొత్త రంగు పరీక్షించే రోజుకి రోజు కూలి ఇవ్వాలి, పాడైన పట్టు ధర వాళ్ల మీద వేయకూడదు. మొదటిదానికి సగం కూలి ఇస్తానన్నాడు. రెండోదానికి ఇంకా ఏమీ తేల్చలేదు. ఊదా కొలత ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.