మూలికల మాత్రలు, పడిపోయే షుగర్

నెలసరి ఆగిపోయే వయసులో వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు తట్టుకోలేక చాలామంది ఆడవాళ్లు మూలికల మాత్రలు కొనుక్కుంటున్నారు. సోయా, అవిసె, మెంతులు, రెడ్ క్లోవర్‌లలో ఈస్ట్రోజెన్‌ను కొంత పోలిన పదార్థాలుంటాయి. వాటినే ఫైటోఈస్ట్రోజెన్లు అంటారు. షుగర్ తరచూ పడిపోయేవాళ్లు మాత్రం కొనేముందు కాస్త ఆగాలి.

ముఖ్యంగా మెంతులు. వాటిలోని జిగురు పీచు, తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. పోపులో వేసే చిటికెడుతో భయం లేదు. సారం నింపిన క్యాప్సూల్ సంగతి వేరు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవారికి ఇదీ తోడైతే షుగర్ 70 కంటే కిందికి జారవచ్చు. సీసా మీది చిన్న అక్షరాలూ చదవండి. కొన్ని మిశ్రమాల్లో పొడపత్రి, కాకర కూడా ఉంటాయి, అవీ చక్కెరను తగ్గించేవే. ఒకే మూలిక ఉండి, మోతాదు స్పష్టంగా రాసినదే మేలని నా అభిప్రాయం.

ఇంకో చిక్కుంది. చెమట, గుండెదడ ఆవిర్లలోనూ వస్తాయి, షుగర్ పడిపోయినా వస్తాయి. అర్ధరాత్రి ఒళ్లు తడిసి మెలకువ వస్తే, ఆవిర్లేలే అని పడుకోకండమ్మా. గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 లోపుంటే 3 టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోండి.

మరికొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. థైరాయిడ్ మాత్రకూ సోయాకూ కొన్ని గంటల ఎడం ఉంచాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు డాక్టరు చెప్పనిదే ఈ మూలికల మాత్రల జోలికి వెళ్లకూడదు. షుగర్ మందులేవీ వాడకుండానే చక్కెర పడిపోతుంటే, మూలికల కంటే ముందు దానికి కారణం తేల్చుకోవాలి.