నడక - ధారణ

నలువదియేండ్లు దాటినపిదప వ్యాయామ మారంభించువారు పెక్కురు, కొనసాగించువారు తక్కువ. లోపము కాళ్లయందు గాదు, బుద్ధి నిలుకడయందు. రెండు పనులను జంటగా నడపుటయు, పాత యలవాటు నణచుటయు నేర్చిన వృద్ధులు తమపై నమ్మకము హెచ్చి వ్యాయామమునకు మేలుగా హాజరైరని 2011లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. మన యవధానులకు జంటపనులు క్రొత్తగావు.

మధుమేహమునకై వైద్యుడు విధించిన నడకను నేనే మూడుమారులు మానితిని. ఇప్పుడు బ్రాడీపేట మొదటి లైనున అమరకోశమునుండి యొక శ్లోకము, రెండవ లైనున మఱియొకటి వల్లించుచు నడచుచున్నాను. ఇది ప్రయోగశాల మాట గాదు, నా యనుభవము. వారమునకు కనీసము 150 నిమిషములు మధ్యమశ్రమగల వ్యాయామము చేయుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. స్వర్గవర్గము నాచే వానిని పూర్తిచేయించుచున్నది. శ్లోకములు రాని మిర్చివర్తకులు ఎక్కములు చదువుకొనవచ్చును. తప్పినచో లైను మొదటికి మరల రావలయును. నిన్న నేను రెండుమారులు వచ్చితిని.