ఫ్యాన్ కింద హ్యాంగింగ్ లైటా? చిన్న డైనింగ్ రూమ్‌కి లైట్లు ఎలా ఎంచుకోవాలి

ఈరోజు టాపిక్ చిన్న డైనింగ్ రూమ్ లైట్లు. ధర్మవరం నుంచి ఒక చెల్లి పంపిన మెసేజ్ ముందు పెట్టుకుని మాట్లాడతాను, ఎందుకంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు సగం ఇళ్ల కథ ఇదే.

ముందు గదిలో మగ్గం. దాని వెనక 8 అడుగులు బై 10 అడుగుల గది. అదే డైనింగ్ రూమ్, పండగొస్తే అందరూ వరసగా కూర్చుని తినేదీ అక్కడే, చీర చూడ్డానికి ఎవరైనా వస్తే నాన్న విప్పి చూపించేదీ ఆ టేబుల్ మీదే. అవ్వకి కంట్లో పొర, ఇంకా ఆపరేషన్ కాలేదు. చెల్లి రీల్స్‌లో చూసిన రాగి రంగు హ్యాంగింగ్ లైటు 2,500 రూపాయలు. మొత్తం బడ్జెట్ 3,000. "కొనెయ్యమంటారా అన్నా?" అని అడిగింది.

వద్దమ్మా. ఎందుకో చెప్తా.

రీల్స్‌లో చూపించే డైనింగ్ రూముల్లో సీలింగ్ ఫ్యాన్ ఉండదు, గమనించారా? మనకి ఫ్యాన్ లేకుండా ఏప్రిల్‌లో అన్నం దిగుతుందా? మామూలు ఫ్యాన్ రెక్కల వెడల్పు 1200 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 4 అడుగులు. 8 అడుగుల వెడల్పు గదిలో మధ్యన ఫ్యాన్ ఉంటే, రెక్క కొసకీ గోడకీ మధ్య 2 అడుగులే మిగులుతుంది. గది మధ్యలో హుక్కు ఎలాగూ ఫ్యాన్‌దే. పక్కకి వేలాడదీస్తే గాలికి లైటు ఊగుతుంది, దాంతోపాటు కంచంలో నీడ కూడా ఊగుతుంది. పోనీ లైటుని సీలింగ్‌కే అతికిస్తే, రెక్కల పైనుంచి వచ్చే వెలుతురుని ఫ్యాన్ ముక్కలు ముక్కలు చేస్తుంది. ఆ టపటపకి తల నొప్పి వచ్చేవాళ్లు చాలామంది.

ఇంకోటి, ఇది మన ఇళ్లలోనే వచ్చే సమస్య. హ్యాంగింగ్ లైటు అందంగా కనపడాలంటే టేబుల్ పైనుంచి 30 నుంచి 34 అంగుళాల ఎత్తులో ఉండాలి. టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. రెండూ కలిపితే నేల నుంచి 5 అడుగుల పైచిలుకు. టేబుల్ అక్కడే ఉన్నంత వరకు బాగానే ఉంటుంది. ఉగాదికి టేబుల్ బయట పెట్టి అందరూ కింద కూర్చున్నారనుకోండి, ఓలిగలు వడ్డించే అమ్మ నుదురు సరిగ్గా ఆ రాగి గిన్నెకి తగులుతుంది! వానలు పడ్డ మొదటి రోజుల్లో ఉసుళ్లు లైటు చుట్టూ తిరిగి రాలేది ఎక్కడ? సరిగ్గా కింద ఉన్న సంగటిలో.

మరి ఏం పెట్టాలి? టేబుల్‌ని పొడవు గోడకి ఆనించండి. ఆ గోడకి ఒక వాల్ లైటు, మడిచే చేయి ఉన్నది, షేడ్ కిందికి చూసేలా. షేడ్ అంచు నేల నుంచి 5 అడుగులు. అవసరం లేనప్పుడు గోడ వైపు మడిచేస్తే తలకి తగలదు. ఫ్యాన్ రెక్కలకి బాగా కింద ఉంటుంది కాబట్టి నీడ ఆడదు. షేడ్ మాత్రం ఇనుముదో, మందం గుడ్డదో తీసుకోండి, గాజుది వద్దు. వయసు పెరిగేకొద్దీ కంటికి ఎక్కువ వెలుతురు కావాలి, కానీ బల్బు నేరుగా కళ్లలో పడితే పొర ఉన్నవాళ్లకి అంతా తెల్లగా అలుక్కుపోతుంది. అవ్వకి కంచం కనపడాలి, బల్బు కనపడకూడదు.

గది మొత్తానికి ఎదుటి గోడ మీద 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు చాలు. మనవాళ్లు దాన్ని కప్పుకి ఆనించి బిగిస్తారు, అలా వద్దు. ఫ్యాన్ రెక్కల మట్టం కంటే ఒక జానెడు కిందికి దించండి. రెండింటికీ వేరు వేరు స్విచ్‌లు ఉండాలి. ఊడ్చేటప్పుడు ట్యూబు, తినేటప్పుడు వాల్ లైటు. వాల్ లైటుకి 9 వాట్ల బల్బు వేస్తే రోజుకి 4 గంటల చొప్పున నెలకి ఒక యూనిట్ కాలుతుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయం, రంగు. దీని మీద కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటా, ధర్మవరంలో ఇది అన్నం పెట్టే విషయం కాబట్టి.

షాపుకెళ్లి "ఎల్‌ఈడీ ఇవ్వన్నా" అంటే అడక్కుండా ఇచ్చేది 6500 కెల్విన్, నీలం కొట్టే తెలుపు. దాని కింద టమాటా పప్పు పాలిపోయినట్టు, ఊరిబిండి బూడిద రంగులో కనపడుతుంది. తినే చోటికి 3000 కెల్విన్ హాయిగా ఉంటుంది. పురుగులు కూడా నీలం వెలుతురుకి వచ్చినంతగా పసుపు వెలుతురుకి రావు. కానీ అదే టేబుల్ మీద చీర కూడా చూపించాలి కదా? బాగా పసుపు లైటు కింద తెల్లజరీ కూడా బంగారు జరీలాగే కనిపిస్తుంది. అందుకే ఈ ఇంటికి నేను చెప్పేది 4000 కెల్విన్. తిండికీ పర్లేదు, చీరకీ పర్లేదు.

కెల్విన్ ఒక్కటే చూస్తే చాలదు. డబ్బా మీద సీఆర్‌ఐ అని ఒక నంబరు ఉంటుంది. పగటి వెలుతురులాంటి దానితో పోలిస్తే రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే నంబరు, గరిష్ఠం 100. మామూలు బల్బులు 80 దగ్గర ఉంటాయి. 90 పైన ఉన్నది అడగండి, ధర కొంచెం ఎక్కువైనా సరే. ఎందుకంటే తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి ఉండేది నీలం ఎల్‌ఈడీ. దాన్ని కనిపెట్టిన అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఆ నీలం మీద పసుపు పూత పూస్తే మన కంటికి తెలుపు కనిపిస్తుంది. చౌక బల్బులో ఈ కలయికలో ఎరుపు తక్కువ పడుతుంది. ఎరుపు తక్కువైతే కుంకుమ రంగు పట్టు గోధుమ రంగులోకి జారిపోతుంది, మెరూన్‌కీ కాఫీ రంగుకీ తేడా తెలీదు. సీఆర్‌ఐ లెక్కలో ముదురు ఎరుపుని అసలు కలపరు, దానికి విడిగా ఆర్9 అని ఇంకో నంబరు ఉంది. అది కూడా రాసిన బల్బు దొరికితే కళ్లు మూసుకుని కొనండి.

చీర కొనేవాళ్లు దాన్ని వాకిట్లోకి తీసుకెళ్లి వెలుతురులో చూస్తారు, తెలుసుగా? లోపల ఒక రంగు, బయట ఒక రంగు కనిపిస్తే "రంగు మార్చి చూపించారు" అనే మాట నాన్న పడాలి. రోజుల తరబడి నేసిన చీరకి 150 రూపాయల బల్బు వల్ల ఆ మాట ఎందుకు?

షాపులోనే చేసే టెస్ట్ ఒకటుంది. బల్బు వెలిగించమని, మీ ఫోన్ కెమెరాని దగ్గరగా పెట్టి చూడండి. స్క్రీన్ మీద నల్ల చారలు బాగా పాకుతుంటే ఆ బల్బు ఆరి వెలుగుతూ ఉంది, మన కంటికి తెలీడం లేదంతే. పక్కన పెట్టేయండి. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తుగానీ, "ఆర్" తో మొదలయ్యే బీఐఎస్ నంబరుగానీ లేకపోతే కూడా వద్దు.

హిందూపురం వాళ్లు బెంగళూరు వెళ్లి బీవీకే అయ్యంగార్ రోడ్డులో కొనుక్కొస్తారు, వెరైటీ ఎక్కువే. కానీ ఎల్‌ఈడీ లోపలే బిగించేసిన ఫిక్చర్ అక్కడ కొంటే, అది పోయినప్పుడు దానికోసం మళ్లీ రైలెక్కాలి. హోల్డర్ ఉన్నది తీసుకోండి, బల్బు మీ వీధి షాపులోనే దొరుకుతుంది. స్క్రూ హోల్డరా, పిన్ హోల్డరా అని కూడా చూసుకోండి.

పెనుకొండలో కియా ప్లాంటుకి వెళ్తూ అద్దె గదుల్లో ఉండే తమ్ముళ్లు, మీరు గోడకి రంధ్రం వేస్తే ఓనర్ అడ్వాన్స్‌లో కోస్తాడు. క్లిప్ లైటు ఒకటి షెల్ఫుకి తగిలించి, వెలుతురు గోడ మీద పడేలా తిప్పండి. గోడ తెల్లగా ఉంటే అదే మీ షేడ్. పాత బండల మిద్దె ఇళ్లవాళ్లు కూడా కప్పు జోలికి పోవద్దు, కేసింగ్ పట్టీ వేసి గోడ మీదుగానే వైరు లాగించండి.

చెల్లీ, నీ లెక్క ఇలా తేల్చుకో. ట్యూబ్‌లైటు ఎలాగూ ఉంది, కిందికి దించితే చాలు. మిగతా డబ్బుతో మడిచే చేయి వాల్ లైటు, సీఆర్‌ఐ 90 బల్బులు రెండు, ఎలక్ట్రీషియన్ కూలీ. రెండో బల్బు మగ్గం దగ్గర పెట్టు. డబ్బు మిగిలితే కరెంటు పోయినప్పుడు వెలిగే ఇన్వర్టర్ బల్బు ఒకటి. వచ్చే ఎపిసోడ్‌లో వంటగది లైట్లు చూద్దాం.